మగ్గముపని పుట్టుపూర్వోత్తరములు

నల్లగొండలోగాని మహబూబునగరులోగాని నేడొక పెండ్లి కుదిరినయెడల, ఆ యింటి ఆడువారు మొట్టమొదట విచారించునది పురోహితుని గూర్చి కాదు. మగ్గముపని చేయువానిని గూర్చి. గద్వాలుదో పోచంపల్లిదో పట్టుచీర కొన్నంతమాత్రమున సరిపోదు. దానికి తగిన రవిక కావలెను. ఆ రవిక చేతులమీదను వీపుమీదను సరిగతో, పట్టుదారముతో, పూసలతో లతలు, హంసలు, నెమళ్లు కుట్టింపవలెను. దీనినే జనులు మగ్గముపని అనుచున్నారు. నేత నేయు మగ్గమునకు దీనితో సంబంధము లేదు. మంచపు చట్రమువంటి నాలుగు కొయ్యల నడుమ గుడ్డను బిగించి, చుట్టును కూర్చుండి కుట్టుదురు. ఆ చట్రము మగ్గమును తలపించుటచే ఆ పేరు వచ్చినది కాబోలు. హైదరాబాదు పాతబస్తీ పనివారు దానిని అడ్డా అనియు, కార్‌చోబు అనియు అందురు. పారసీకమున కార్ అనగా పని, చోబ్ అనగా కొయ్య.

ఆ పేరులోనే ఈ కళ నడచివచ్చిన త్రోవ కొంత తెలియుచున్నది. నల్లగొండ పెండ్లికూతురి రవికకు ముత్తాతలెవ్వరని వెదకుకొనుచు పోయినచో హైదరాబాదు దేవిడీలు, ఢిల్లీ సుల్తానుల కార్ఖానాలు దాటి, వేయేండ్లనాటి బాగ్దాదు ఖలీఫాల అంగీల చేతులకడకు చేరుదుము. ఆ త్రోవను శ్రోతలకు చూపుట మా యుద్దేశము. త్రోవ కొంచెము వంకరటింకరగా నుండును; పట్టుదారము చిక్కుపడకుండ సాగునా?

మొదట పని ఎట్లు జరుగునో చూతము. కుట్టవలసిన చిత్రమును పలుచని కాగితముపై గీసి, ఆ గీతల వెంబడి సూదితో సన్నని రంధ్రములు పొడుతురు. కాగితమును గుడ్డపై పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లని పొడిని పీలికతో రుద్దినచో చిత్రము చుక్కలుచుక్కలుగా గుడ్డమీదికి దిగును. కిరసనాయిలు ఆరిపోవును, గీత నిలుచును. ఇక కుట్టు ప్రధానముగా రెండు విధములు. ఆరీ అనునది కొక్కెపు మొనగల సూది. కుడిచేతితో దానిని పైనుండి గ్రుచ్చుదురు. ఎడమచేయి గుడ్డక్రింద కంటికి కనబడకుండ దారమును అందించుచుండును. కొక్కెము దారమును ఉచ్చువలె పైకి లాగి, ఆ ఉచ్చులోనుండియే మరల గ్రుచ్చుకొనును. గొలుసుకుట్టు ఇట్లు సాగిపోవును. అలవడిన పనివాని ఎడమచేతికి కన్నులున్నవా యని చూచువారికి తోచును.

రెండవది జర్దోజీ. జర్ అనగా బంగారము, దోజీ అనగా కుట్టుట. లోహపు తీగ బిరుసు. దానిని గుడ్డగుండ పలుమారులు లాగినచో తీగయు చెడును, గుడ్డయు చెడును. కావున తీగను గుడ్డమీద పరచి, సన్నని దారముతో అక్కడక్కడ అదిమి కట్టుదురు. చుట్టలుగా చుట్టిన తీగను చిన్నచిన్న తునుకలుగా కత్తిరించి, పూసలవలె సూదికెక్కించి కుట్టుదురు. ఆ చుట్టలకే సల్మా, దబ్కా, నక్షీ అని పేళ్లు. మెఱుగుబిళ్లలకు సితారా అని పేరు, మనవారు చమ్కీలందురు. పూరేకు ఉబ్బెత్తుగా కానవచ్చుటకు అడుగున నూలుదారము ముందే పోసి యుంచుదురు. సరిగ యన్నను అచ్చముగా బంగారపు దారమని తలపరాదు. వెండికడ్డీకి బంగారు పూత పట్టించి, కమ్మచ్చు రంధ్రములగుండ వెండ్రుకవంత సన్నమగువఱకు లాగి, నలుగగొట్టి, ఆ రేకును పట్టుదారముచుట్టును చుట్టినచో అది సరిగ యగును. అనగా బంగారపు మెఱుపునకు లోపల ఎముక పట్టే. నేడు అంగళ్లలో దొరకు దానిలో చాలభాగము రాగితీగపై పూత పూసినది, లేదా మెఱుగుపెట్టిన ప్లాస్టిక్కు పొర.

ఇక చరిత్ర. అబ్బాసీ ఖలీఫాలు బాగ్దాదునుండి పాలించిన కాలమున రాజాస్థానములందు తిరాజ్ అను వస్త్రము ప్రసిద్ధి కెక్కెను. ఈ మాట పారసీకమునుండి అరబ్బీలోనికి పోయినది. మొదట దీని కర్థము కుట్టుపని యనియే. తరువాత కుట్టిన పట్టీకి, ఆ పట్టీగల అంగీకి, చివరకు అవి తయారగు కార్ఖానాకుగూడ అదే పేరయ్యెను. అంగీ పైచేతిచుట్టును ఒక పట్టీ. ఆ పట్టీలో పట్టుదారముతో కోణములు తీర్చిన కూఫీ లిపి. దేవుని నామము, ఖలీఫా పేరును బిరుదులును, ఆయనకు దీర్ఘాయువు కోరు మాటలు, వజీరు పేరు, తయారైన ఊరు, సంవత్సరము అందుండును. ఇరాకు, ఇరాను దేశములందు వీనిని సూదితో కుట్టిరి. ఐగుప్తులో నారబట్టయందు పట్టుపేకతో నేతలోనే అక్షరములు తీర్చిరి. ఐగుప్తు ఎండిన యిసుకనేలలో శవములకు చుట్టిన బట్టలు చెడక నిలుచుటచేతనే ఇట్టి తునుకలు నేడు ప్రపంచమందలి వస్తుప్రదర్శనశాలలకు లభించినవి.

రాజ్యాధికారమునకు ఆనాడు మూడు గుర్తులు: శుక్రవారపు ప్రార్థనలో పాలకుని పేరు చదువుట, నాణెముపై ఆయన పేరు ముద్రించుట, అంగీచేతిపై ఆయన పేరు కుట్టుట. దర్జీచేతి సూది టంకసాల సుత్తెతో సమాన ప్రతిపత్తి పొందిన కాలమది. ఒక రాష్ట్రాధిపతి ఎవరికి విధేయుడో తెలియవలెనన్నచో ఆతని కార్ఖానా బట్టపై ఎవరి పేరున్నదో చదివిన చాలును. అయితే రాజు పేరు, వజీరు పేరు, ఊరి పేరు ఇన్ని కుట్టిన పట్టీలమీద వానిని కుట్టినవాని పేరు మాత్రము సాధారణముగా కానరాదు. నేటి రవికలమీదను కానరాదు.

ఇందొక చిత్రమైన విషయము కలదు. ఇస్లాము ధర్మమున పురుషులు స్వచ్ఛమైన పట్టును ధరించుట నిషిద్ధము. స్త్రీలకు నిషేధము లేదు. కాని హదీసులలో ఒక సడలింపు చెప్పబడినది. రెండు, మూడు, లేదా నాలుగు వ్రేళ్ల వెడల్పుగల పట్టుపట్టీ వస్త్రమున నుండవచ్చును. నాలుగు వ్రేళ్లనగా మన భాషలో బెత్తెడు. పట్టు అంగీనంతయు ఆక్రమింపక చేతిపట్టీలోను అంచులోను ఒదిగియుండుట ధర్మసమ్మతమని తోచుటకు ఆ బెత్తెడు చోటు ఆధారము. కళాకారుని నేర్పంతయు ఆ బెత్తెడులో ఇముడవలసివచ్చెను. రాజాస్థానములు ఈ నియమమును ఎల్లవేళల పాటించినవని మేమనము. పాటించని రాజులు పెక్కుమంది. అయినను నియమము కళకు సంకెలయైన చోట్లకంటె ప్రేరణయైన చోట్లే మాకు ఎక్కువగా కనబడుచున్నవి. మష్రూ అను బట్ట దీనికి సాక్షి. మష్రూ అనగా శాస్త్రము ఒప్పుకొన్నది. పడుగు పట్టు, పేక నూలు. పైకి నిగనిగలాడునది పట్టు, ఒంటికి తగులునది నూలు. ఔరంగాబాదు హిమ్రూ బట్టయందును నూలును పట్టును కలిసియే యుండును.

మష్రూను గూర్చి చెప్పునపుడు గద్వాలచీర మనసునకు రాకమానదు. నడుమ నూలు; అంచులు, కొంగు పట్టు. నూలుపేకకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, వెరసి మూడు నాడెలు నడపి, నూలును పట్టును కలియుచోట ఒక పోగును మఱియొక పోగుతో మెలివేసి నేయుదురు. దీనిని కుప్పడమందురు. ఆ కూడలిలోనే కోటకొమ్ములు లేచును. గద్వాల సంస్థానాధీశులు నేతగాండ్రను కాశీకి పంపి పనితనము నేర్పించిరని అక్కడివారు చెప్పుకొందురు. గద్వాలచీర మష్రూనుండి పుట్టినదని మేము చెప్పుటలేదు. దీనికి శాస్త్రనియమము కారణము కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఎండలు కారణము, ఖరీదు కారణము. కారణములు వేఱైనను రెండుచోట్ల చేతులు కనిపెట్టిన ఉపాయము ఒక్కటే: పట్టును కంటికి, నూలును ఒంటికి. ఈ చీరలకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మహబూబునగరము జిల్లాలోని గద్వాల 2016లో జోగులాంబ గద్వాల జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

తిరాజు కథ అరబ్బు దేశములతో ముగియలేదు. సిసిలీ ద్వీపమును ఏలిన నార్మను క్రైస్తవరాజు రెండవ రోజరు అక్కడి ముసల్మాను పనివారిని వెళ్లగొట్టలేదు, పనిలో పెట్టుకొనెను. హిజరీ 528లో, అనగా క్రీ.శ. 1133-34లో, వారాయన కొక ఉత్తరీయమును కుట్టిరి. ఎఱ్ఱని పట్టుపై బంగారుదారముతో ఖర్జూరవృక్షము, దాని కిరువైపుల ఒంటెలపై దూకిన సింహములు, అంతటను ముత్యములు. అంచువెంబడి అరబ్బీ లిపిలో అది పాలెర్మో రాజకార్ఖానలో తయారైనదని, ఏ సంవత్సరమున తయారైనదో వ్రాయబడి యున్నది. తరువాతి శతాబ్దములందు పవిత్ర రోము చక్రవర్తులు దానినే కప్పుకొని పట్టాభిషిక్తులైరి. క్రైస్తవచక్రవర్తి భుజములపై హిజరీ సంవత్సరము! నేడది వియన్నా నగరపు రాజకోశాగారమున నున్నది.

మనదేశమున ఢిల్లీ సుల్తానులు ఈ సంప్రదాయమును మహాడంబరముగా నడపిరి. ముహమ్మద్ బిన్ తుగ్లకు సంవత్సరమునకు రెండు లక్షల దుస్తులు, వసంతమున లక్ష, శరత్తున లక్ష, బహూకరించెననియు, ఆయన కొలువున 500 మంది బంగారు బట్టల పనివారుండిరనియు ఆనాటి అరబ్బు గ్రంథకర్త అల్ ఉమరీ వ్రాసెను. ఆయన ఢిల్లీ చూడలేదు. చూచివచ్చినవారు చెప్పగా వ్రాసినాడు. కావున ఆ లెక్కను కొంత తగ్గించుకొనియే చదువవలెను. ఇట్లు బహూకరించు దుస్తునకు ఖిలాతు అని పేరు. విప్పుట అను అర్థముగల ధాతువునుండి ఆ పదము పుట్టినది. రాజు తన ఒంటిమీది వస్త్రమును విప్పి సేవకునకు కప్పుట అందలి మూలభావము. నేటి మన సభలలో శాలువ కప్పుటకు ఇదియే మూలమని అనజాలము. పట్టుబట్టలిచ్చి సత్కరించుట ఈ దేశమున అంతకు పూర్వమే యున్నది. కాని శాలువ అను మాట మాత్రము పారసీకమే.

మాటల ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. అస్తరు, జేబు, ముఖమలు, రుమాలు, దర్జీ, బుటా, జరీ: బట్టలంగడిలో మనము దినదినము వాడు ఈ పదములన్నియు ఆ త్రోవనే వచ్చినవి. సరిగ, రవిక, అంచు, కొంగు అను మాటలతో కలిసి మెలసి కాపురము చేయుచున్నవి. 15వ శతాబ్దిలో కవిసార్వభౌముడు శ్రీనాథుడు కన్నడరాజు కొలువునకు పోవునపుడు కుళ్లాయి పెట్టి కూర్పాసము తొడిగితినని ఒక చాటువున చెప్పుకొన్నాడు. కుళ్లాయి పారసీకుల కులాహ్ అను టోపీ. విజయనగరరాజులు ధరించిన కబాయి అరబ్బుల కబా. హిందూరాజుల కొలువున ఈ వేషము మర్యాదగా చెల్లినది. 16వ శతాబ్దినాటి లేపాక్షి చిత్రములలో ప్రభువుల తలలపై ఆ పొడవైన టోపీలను నేటికిని చూడవచ్చును. చిత్రకారుడు శివకథలు వ్రాయుచు, భక్తులకు సుల్తానుల టోపీ పెట్టుటకు సంకోచింపలేదు.

గోలకొండ సుల్తానుల తరువాత అసఫ్‌జాహీలకాలమున హైదరాబాదు షేర్వాణీలు, దుపట్టాలు, జీనుగుడ్డలు, అంబారీ తెరలు కార్‌చోబు పనితో నిండెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 మొదలు 1911 వఱకు పాలించెను. ఆయన ఒకమారు కట్టిన బట్టను మరల కట్టువాడు కాడని లోకులు చెప్పుకొందురు. నిజమో కాదో గాని, పురానీహవేలీలో ఆయన బట్టలబీరువా నేటికిని కలదు. రెండంతస్తుల కొయ్యబీరువా, మేడ యొక్క ఒక పార్శ్వమునంతయు అది ఆక్రమించియున్నది. పైయంతస్తు కెక్కుటకు చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టుకూడ నున్నది. పాలమూరునకు 1890లో మహబూబునగరమను పేరు వచ్చినది ఈ ప్రభువు పేరుననే. పాలమూరు కూలీలు గుడ్డకు కఱవై, నెత్తిన తట్టలతో దేశదేశములు తిరిగి చెఱువులు త్రవ్విరి. వారి జిల్లాకు దేశములోకెల్ల పెద్ద బట్టలబీరువా గల ప్రభువు పేరు. ఇట్టి వింతలు చరిత్రకు పరిపాటి.

ఇంత పని జరిగినను పాత కుట్టుపని మన యిండ్లలో ఏల కనబడదు? కారణము మా యింటనే తెలిసికొంటిమి. మా పెట్టెలో పూర్వులనాటి సరిగపని రవిక యొకటి యుండెడిది. మోచేతివఱకు వచ్చు చేతులు, వానిచుట్టును కలాబత్తు తీగతో మామిడిపిందెలు. మేము పిల్లలమై యుండగా వీథిలో ఒకడు పాత సరిగ కొందుమని కేకవేయుచు వచ్చినాడు. పెద్దలు ఆ రవికను, రెండు చిరిగిన చీరల అంచులను తెచ్చి యిచ్చిరి. వాడు త్రాసున తూచి రూకలిచ్చి పోయెను. అట్టివారు బట్టను కాల్చి, బూడిదనుండి వెండిని తీయుదురని మాకు పెద్దవారమైన పిదప తెలిసినది. పట్టు కాలును, కుట్టు కాలును, వెండి మిగులును. పెద్దలను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఆనాడు ఇంట ఆ రూకలకు పని యుండెను. కాని మామిడిపిందెల అంచున రెండు వరుసలుగా పోయిన ఆ సన్నని కుట్టు ఏమి కుట్టో నేడెవ్వరిని అడిగినను, చూడనిదే చెప్పలేమందురు. చూపుటకు మాకడ ఏమియు లేదు. శ్రోతల పెట్టెలలో ఇంకను అట్టివి ఉండవచ్చును.

ఇంతవఱకు పడమటినుండి మనవైపు వచ్చిన దానిని చెప్పితిమి. నల్లగొండనుండి అరబ్బుల తలమీదికి ఎక్కినదొకటి కలదు. అది తేలియా రుమాలు. నల్లగొండ జిల్లాలో నుండి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పుట్టపాక దీనికి నేడు ముఖ్యస్థానము. పూర్వము సముద్రతీరమున చీరాలయు దీనికి ప్రసిద్ధి. తేల్ అనగా నూనె. ఆముదపుకాయల తొక్కలను కాల్చిన బూడిదను నీటిలో దేర్చి, ఆ క్షారజలమును నూనెతో కలిపి, నూలును అందులో పిసికి పిసికి ఎండవేయుదురు. మరునాడు మరల పిసుకుదురు. ఇట్లు రెండు మూడు వారములు. ఆముదపుచేలకు నల్లగొండ, మహబూబునగరము మెట్టలు పెట్టినది పేరు గనుక ఆ బూడిదకు కొదువ లేదు. ఇట్లు నూనె పీల్చిన నూలుకు పటిక సాయమున మంజిష్ఠవర్గపు ఎఱుపు గట్టిగా పట్టును, ఎన్ని ఉతుకులకును వదలదు. పిదప పడుగును, పేకను రెంటిని లెక్కప్రకారము పోగులుపోగులుగా చిటికికట్టి, ఎఱుపులోను నలుపులోను ముంచి, విప్పి నేయుదురు. కట్టినచోట తెలుపు మిగులును. పడుగు మచ్చపై పేక మచ్చ సరిగా కూర్చుండినపుడే బొమ్మ కుదురును. వెండ్రుకవాసి తప్పినచో చెదరును.

చదరపు రుమాలులో మొదట గళ్లు, కోణములు. తరువాత సింహములు, ఏనుగులు, గడియారములు, విమానములుకూడ నేసిరి. ఇవి అరబ్బు దేశములకు తలగుడ్డలుగా ఎగుమతియయ్యెను. ఎడారి ఎండలో నూనెగుడ్డ తలకు చలువయని చెప్పుదురు. నిజాము దేవిడీలలో స్త్రీలు వీనినే దుపట్టాలుగా వేసికొనిరి. నేసినవారు పద్మశాలీలు, ధరించినవారు ముసల్మానులు. ఇది ఏ మతపు కళయని అడుగువారికి మేము జవాబు చెప్పజాలము, చెప్పవలసిన పనియు లేదు.

తొమ్మిది, పది శతాబ్దములలో యెమెను దేశపు తిరాజు బట్టలు ఇదేవిధముగా నూలును కట్టి అద్దకమువేసి నేసినవే. వానిమీద కూఫీ అక్షరములను కుట్టుటయో, బంగారురేకుతో వ్రాయుటయో చేసిరి. అరబ్బులు ఆ బట్టను అస్బ్ అనిరి. కట్టుట అను ధాతువునుండి వచ్చిన మాట. మనవారి చిటికికట్టును కట్టుటయే. ఎవరు ఎవరికి నేర్పిరను తగవును పండితులకు వదలుదము. పుట్టపాక నేతగాడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ లభించినది. తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చిటికినేతకు ముందు నూలును ఆసుపోయవలెను. ఒక చీరకు వేలకొలది మారులు చేయి అటునిటు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి భుజముల నొప్పి చూడలేక ఆసుయంత్రమును కనిపెట్టి 2017లో పద్మశ్రీ పొందినాడు. యంత్రమనగానే చేతిపనికి శత్రువని తలచువారు ఈయనను తలంపవలెను.

కాని మగ్గముపనికి వచ్చిన యంత్రము అట్టిది కాదు. గణకయంత్రము నడపు కుట్టుమిషన్లు పెక్కు సూదులతో గంటలలో రవిక ముగించుచున్నవి. చట్రముకడ మెడవంచి కూర్చుండిన పనివానికి అదే పని దినములు పట్టును. కన్నులు మసకలు క్రమ్మును. హైదరాబాదులో ఈ పని చేయువారు పెక్కుమంది ఉత్తరప్రదేశమునుండి, బెంగాలునుండి వచ్చినవారు. బేరమాడువారు రెంటిని ఒక్క ధరకే అడుగుచున్నారు. రెంటికిని భేదము తెలియవలెనన్నచో రవికను తిరుగవేసి చూడవలెను. యంత్రపుకుట్టు లోపలివైపున వేఱొక దారము తెల్లగానో నల్లగానో దట్టముగా పఱచుకొని యుండును; కుట్లన్నియు అచ్చుగుద్దినట్లుండును. ఆరీపనికి వెనుకవైపున సన్నని టాకాల వరుస, అక్కడక్కడ ముడులు కనబడును; ఒక పూరేకు రెండవదానికంటె ఇసుమంత పెద్దదై యుండును.

ఇంట నున్న పాత సరిగపనిని కాపాడుట కష్టము కాదు. మెత్తని పాత నూలుగుడ్డలో చుట్టి యుంచవలెను. పట్టుపై అత్తరు చల్లరాదు. కలరాఉండలు సరిగకు తగులరాదు. ఏడాదికి రెండు మూడు మారులు నీడన ఆరవేసి, పాత మడతమీదనే మరల మడువక మడత మార్చవలెను. లేనిచో మడతకడ పట్టు తెగును. తేలియా రుమాలు కొన్నవారు మొదటి ఉతుకులో నూనెవాసన పోలేదని బెంగపడనక్కరలేదు. అది పెక్కు ఉతుకులవఱకు ఉండును.